మఖమల్ నూగు, వదిన చెంప

మా వదిన తన ఒంటి గురించి చెప్పే మాటలకు డాక్టరు కూడా నవ్వు ఆపుకోలేడు. "ఇవాళ నడుముపట్టీ మరీ బిగించి కుట్టారండీ, ఊపిరాడటం లేదు," అంటుంది. మెడ వంచితే వెన్ను పొడవునా కరెంటు పాకుతుంది. ఇస్త్రీపెట్టె దగ్గర కాసేపు నిలబడితే ఆ వేడికి చూపు మసకబారుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్లు తడిసిన దుప్పటిలా బరువెక్కుతుంది. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది తొడుగు అక్కడక్కడా దెబ్బతింటుందని డాక్టరు చెబితే, "లైనింగు చిరిగిందన్నమాట," అంది వదిన.

మొదట్లో మేం నిందంతా వదిన ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టే మిషను మీద వేశాం. పెడల్ తొక్కితే ఒకసారి పరుగెడుతోందని, ఒకసారి కదలనే కదలదని వదిన మెకానిక్‌ని పదేపదే పిలిచింది. అతను బెల్టు మార్చాడు, నూనె పోశాడు, తనే కూర్చుని కుట్టి చూపించాడు. మిషను బుద్ధిగా నడిచింది. చివరికోసారి బల్ల కిందికి వంగి, "అమ్మా, మీ చెప్పు ఊడిపోయి అక్కడెక్కడో పడుంది, చూసుకోలేదా?" అన్నాడు. వదిన చూసుకోలేదు. కాలు చెబితే కదా తెలిసేది.

అప్పటి నుంచి మిషను పని నాదైంది. కత్తెర మాత్రం వదినదే. మెడ వంచే పని లేకుండా అన్నయ్య బల్ల ఎత్తు పెంచాడు. అంతా బాగానే సాగుతోందనుకుంటుంటే సంగీతం టీచరు మఖమల్ కోటు కుట్టమంది.

మఖమల్‌కు నూగుంటుంది. ఒకవైపు నిమిరితే మెత్తగా లొంగుతుంది, ఎదురు నిమిరితే గరగరలాడుతుంది. ముక్కలన్నిటికీ నూగు ఒకేవైపు ఉండకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లో కనిపిస్తుంది. వదిన ఎప్పుడూ వేళ్లతోనే చూసుకునేది. ఇప్పుడా వేళ్లకు గ్లౌజులు తొడిగినట్టుందని మాత్రం మాకెవరికీ చెప్పలేదు. టీచరు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడితే ఒక చెయ్యి ముదురాకుపచ్చ, ఇంకోటి లేతాకుపచ్చ.

"ఇంకొక్క చెయ్యికి సరిపడా గుడ్డ మాత్రమే ఉంది. షాపులో కూడా అయిపోయింది," అని టీచరు మిగిలిన ముక్క బల్ల మీద పెట్టి వెళ్లింది.

"ఇదీ తప్పితే కత్తెర నీదే," అంది వదిన నాతో.

ఆ కత్తెర లేని వదినను నేను చూడలేను. "నేను నిమిరి చెప్తాలే వదినా," అన్నాను.

"రేపు అన్నం కూడా నువ్వే నమిలి పెట్టు."

సాయం చేస్తానన్నా తిట్లేనా అని గొణుక్కుంటూ బొత్తాలు ముందేసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే, ఇస్త్రీపెట్టె వేడెక్కకముందే, వదిన ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. మోచేతికి రాసుకుని పెదవి విరిచింది. ఎడమ చెంపకు రాసుకుని, "ఇదీ మొద్దుబారిందే," అంది. కుడి చెంపకు ఆనించి మెల్లగా లాగింది. ఆగింది. గుడ్డ తిప్పి మళ్లీ లాగింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని మొహం గుడ్డలో పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే అన్నయ్య టీ తెచ్చాడు. జబ్బు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ వదిన ఎప్పుడు ఏడుస్తుందా, ఎప్పుడు ఓదారుద్దామా అని పాపం కాచుకుని ఉన్నాడు. గ్లాసు పక్కన పెట్టేసి, "ఏడవకే, నేనున్నా కదా," అంటూ భుజం మీద చెయ్యేశాడు.

"ఉన్నారు, పనికి అడ్డంగా," అంది వదిన తలెత్తకుండా. "కాస్త జరగండి. నూగు చూస్తున్నా."

సుద్దతో గుడ్డ మీద బాణం గుర్తు గీసి, ముక్క నా వైపు తోసింది. "ఇప్పుడు నిమిరి చూడు."

నిమిరాను. బాణం ఎటుందో నూగూ అటే ఉంది.

"ఈ చెంప ఇంకా నాదేనే," అంది వదిన.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్య ఆశగా నా వైపు అడుగేశాడు. వదిన అప్పటికే గుడ్డ కత్తిరిస్తోంది.