కాకరకాయలో బెల్లం

నిన్న మా మనవరాలు కాకరకాయ పులుసులో బెల్లం ముక్క వేయబోతుంటే నా చెయ్యి నాకు తెలియకుండానే వెళ్లి దాని చెయ్యి పట్టుకుంది. పిల్ల బెదిరిపోయింది. యాభై ఏళ్ల నాటి సంగతి దానికేం చెప్పను?

దొరలు గోదావరికి ఆనకట్ట కట్టి, మా రాజోలు వైపు ఇంకా కాలవలు తవ్వుతున్న రోజులవి. నాన్న పడవ మీద కొబ్బరికాయలు వేసుకెళ్లేవాడు. అమ్మ పోయాక పన్నెండో ఏట పొయ్యి నా చేతికొచ్చింది. ఆ మరుసటేడు నాన్న చిక్కిపోయాడు, కుండెడు నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, దొడ్లోకి వెళ్లొచ్చిన చోట చీమలు పట్టేవి. ఐనవిల్లి నుంచి వచ్చిన వైద్యులుగారు చూసి, ఇది అతిమూత్రమనీ, బొత్తిగా పోయే జబ్బు కాదనీ, తిండి చూసుకుంటే కొంత లొంగవచ్చనీ అన్నారు. వరి అన్నం తగ్గించి, రాగులతో కాచిన చోడంబలి తాగాలి, నానేసిన మెంతులు, నేరేడు గింజల పొడి, తరచుగా కాకరకాయ తినాలి, తీపి మాత్రం ముట్టకూడదు.

తీపంటే నాకు తెలిసింది అరిసెలు, పాయసం. అవి ఇంట్లోకి రానిస్తే ఒట్టు. కాకరకాయలో మాత్రం మా మేనత్త నేర్పినట్టే చింతపండు పులుసు పోసి, బెల్లం దండిగా వేసేదాన్ని. మా ఇళ్లల్లో బెల్లం లేకపోతే అది కూరే కాదు, దాన్ని తీపి అని అనుకున్నవాళ్లూ లేరు. నాన్న మాట్లాడకుండా తింటుంటే నచ్చిందనుకుని ఇంకో ముక్క వేసేదాన్ని, ఎంత తెలివితక్కువదాన్నో.

కాలికి పడవ తాడు ఒరుసుకున్న పుండు మూడు నెలలైనా మానకపోతే వైద్యులుగారు మళ్లీ వచ్చేరు. పులుసు వేలితో నాకి చూసి, "బెల్లం వేశావా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్, వేశానండి," అన్నాను గొప్పగా.

ఆయన గిన్నె పక్కకు నెట్టి, బెల్లం మాత్రం తీపి కాదా అన్నారు. నాన్నే, "పిల్లనేమీ అనకండి. తీపి నాకు తెలుస్తూనే ఉందండి. తల్లి లేని పిల్ల ఇష్టంగా వండుతోంది, వద్దనలేకపోయేను," అన్నాడు.

మర్నాటి నుంచి బెల్లం మానేశాను. నాన్న ముఖమైనా చిట్లించకుండా గిన్నె ఖాళీ చేశాడు. ఏది పెట్టినా మొదటి నుంచీ అలాగే తినేవాడనీ, నచ్చి కాదనీ అప్పుడు తెలిసింది. అప్పటికే పుండు మోకాలిదాకా పాకింది. ఇరవై రోజులు కూడా బతకలేదు.

ఇప్పుడు ఊళ్లో కాలవలు నిండుగా పారుతున్నాయి, ఇంటింటా తెల్లన్నమే, ఈ జబ్బూ ఎక్కువే వింటున్నాను. ఈ కాలం మగవాళ్లు విస్తరి ముందు కూర్చుని ఇందులో ఏం వేశారు, అందులో ఏం వేశారు అని ఆరాలు తీస్తుంటే కోడళ్లు విసుక్కుంటారు. నేను మాత్రం విసుక్కోను. మా నాన్న నన్ను ఒక్కసారి అలా అడిగి ఉంటే ఎంత బాగుండేది.