గోడ చదవడం మొదలుపెట్టిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది, మంచి చేసేవాళ్లకు లోకం కనీసం అడ్డు రాదని. రాయపూర్ రాజధాని అయిన కొత్తలో, ఆ ఊళ్లోని మోవా పేటలో ఉండే తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలకు తెలుగు చదవడం నేర్పే ఉద్యోగం దొరికింది. అదే నా మొదటి ఉద్యోగం. శ్రీకాకుళం నుంచి కాపురానికొచ్చి ఇక్కడే ముసలిదైన పచ్చళ్ల మామ్మ పాఠాలకు తన ముందుగది ఇచ్చింది. పిల్లలు వాచకం గడగడా చదివేవారు. మామ్మ మనవరాలు చిట్టి అయితే పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా చదివేది. అంతా బట్టీ! అందుకని శిక్షణలో నేర్పినట్టే మొదటినుంచీ మొదలుపెట్టాను. ముందు అక్షరం, దాని ధ్వని, తర్వాత గుణింతం. కళ్లు మూసుకుని ఇసుకపళ్లెంలో వేలితో దిద్దుతూ పైకి పలకాలి. చివర్లో, బట్టీకి లొంగని, అర్థమే లేని మాటలు చదవాలి. "గెబుకి... తొమిడు... జెరుపో..."

మే నెల వడగాలికి పరదాలు దించిన చీకటిగదిలో పిల్లలంతా కళ్లు మూసుకుని, ఇసుకలో గీస్తూ, ఒకే గొంతుతో ఆ మాటలు అంటుంటే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. మామ్మ ఆలోచించింది.

"ఏటే పిల్లా, అచ్చరాలు సెప్పమంటే జాదూ టోనా, సేతబడి సేస్తన్నావా?"

"ఇది కొత్త పద్ధతి మామ్మా."

"పద్ధతో పాడో! మా సిట్టి గుంట నిద్దట్లో ఏటో గొణుగుతంది. బంద్ సెయ్యి!"

మర్నాడు ఆ గది గుమ్మంలో పసుపు రాసిన నిమ్మకాయ ఉంది. ఆ తర్వాత పిల్లలు రాలేదు. "శనివారం కూడా గది ఖాళీగా ఉంటే ఈ చదువు కేంద్రం ఎత్తేస్తాం," అన్నాడు మా పర్యవేక్షకుడు. (సమోసా తింటూ అన్నాడు. అదీ మర్చిపోలేదు.)

శనివారం మధ్యాహ్నం చిట్టి ఒక్కతే దొంగచాటుగా వచ్చింది. మామ్మ బజారుకెళ్లిందట, ఇంట్లో ఎవరూ లేరట. ఇసుకలో వేలు పెట్టిందో లేదో కరెంటు పోయింది. కూలర్ రొద ఆగింది. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు. అప్పుడు గోడ అవతలినుంచి, సన్నగా, గీరుతున్న చప్పుడు. దాని వెంట ఒక గొంతు.

"గె... బు... కి..."

చిట్టి నా చెయ్యి పట్టుకుంది. "టీచర్, గోడ చదువుతంది!"

పారిపోదామనే అనుకున్నాను. కానీ నేను కల్పించిన మాటలు నా అనుమతి లేకుండా వాడుకుంటే దయ్యాన్నయినా అడగాల్సిందే కదా! వెళ్లి లోపలిగది తలుపు తోశాను. చీకట్లో జుట్టు విరబోసుకున్న ఆకారం, కళ్లు మూసుకుని, బియ్యంపళ్లెంలో వేలితో గీస్తోంది.

"తొ... మీ... డు..."

"దీర్ఘం లేదు మామ్మా," అన్నాను, గొంతు గుర్తుపట్టి.

మామ్మ కళ్లు తెరిచింది. ఖాళీ బజారు సంచీతో బియ్యంపళ్లెం కప్పేసింది. "సిట్టి తాతున్నప్పుడు ఆయనే సదివీవోడు," అంది. "ఇప్పుడు మా ఊరెల్తే టేసన్ బోర్డు సూసి ఏ ఊరొచ్చిందో పక్కోల్లని అడగాల. ఈ వయసులో సిగ్గు కాదేటే? ఎవులికీ సెప్పకు. పిల్లల్ని నేను తెస్తాను."

"మరి నువ్వు పెట్టిన ఆ నిమ్మకాయ సంగతి?"

"అదా? తెచ్చేసి పులిహోర కలిపేసినాను."

సాయంత్రానికి గది నిండింది, కేంద్రం నిలిచింది. క్షమాపణ మాత్రం రాలేదు. మామ్మ పోయి చాలా ఏళ్లయింది, అయినా నేను బాకీ కొట్టేయలేదు. ఇప్పటికీ మే మధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లు నిశ్శబ్దమైతే, నెరిసిన తల గోడకు ఆనించి వింటాను. ఆ క్షమాపణ కోసమేనని మావాళ్లకు చెబుతాను. నిజంగా ఆ గొంతు వినిపిస్తే మాత్రం, ముందు దీర్ఘం దిద్దుతానేమో.