శుక్రవారం పెట్టిన పాలిష్

మా యూనివర్సిటీ ఆడిటోరియంలో స్టేజీ నేల చూసుకునే ఆయన్ని పిల్లలందరూ అద్దం బాబాయ్ అనేవాళ్లు. నాకు అన్నయ్య. తోడబుట్టినవాడు కాదు, పద్దెనిమిదేళ్లు ఒకే చోట పనిచేస్తే అయిన అన్నయ్య. నాది తలుపు దగ్గర టికెట్లు చించే ఉద్యోగం.

ఏటా మూడు వారాలు సంగీతం, నాట్యం సీజన్. బయటి ఊళ్ల కళాకారులు వస్తారు. ఆ మూడు వారాలూ ఆయన్ని పట్టలేం. కచేరీ ఉంటే మైనం పాలిష్ పెట్టి నేలను తళతళలాడించేవాడు. నాట్యమైతే ఆ పాలిష్ మొత్తం వేడినీళ్లతో కడిగి, పాదానికి పట్టు దొరికేదాకా పొడిగుడ్డతో రుద్దాలి. సగం రోజు పట్టేది. చివర్లో ప్యాంటు మడిచి తనే రెండు గంతులేసి చూసేవాడు.

"ఏం అన్నయ్యా, నీ నాట్యానికి టికెట్టెంత?" అనేదాన్ని.

"నువ్వు తట్టుకోలేవులే తల్లీ, పో" అనేవాడు.

ఆయనకు చదువు అంతంతమాత్రం. ఏ రోజు ఏ కార్యక్రమమో పొద్దున్నే నేనే చెప్పేదాన్ని.

ఆ ఏడాది అతిథుల్లో మా దగ్గరే చదువుకున్న పిల్ల ఒకతె ఉంది. చదివే రోజుల్లో తెల్లారకముందే వచ్చేది. హాస్టలు గదిలో చోటు చాలదని బాబాయే తాళం తీసి స్టేజీ ఇచ్చేవాడు. శుక్రవారం వయొలిన్, శనివారం ఆ పిల్ల నాట్యం. "నా పిల్ల వస్తోంది" అని క్యాంటీన్ వాళ్ల చెవులు చిల్లులు పడేలా చెప్పుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే మా ఇద్దరికీ చెడింది. తడి నేల మీద చెప్పులతో నడిచానని పదిమందిలో "కళ్లు నెత్తికెక్కాయా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడటం మానేశాను. గురువారం సాయంత్రం ఆఫీసు గుమస్తా వచ్చి, "వయొలిన్ ఆయన రేపు రాలేరట. శనివారానికి మార్చాం, నాట్యం రేపే. బాబాయ్‌కి చెప్పు" అన్నాడు. బోర్డు మీద కాగితం అంటించాను. ఆయనకు చెప్పలేదు. తనే వచ్చి అడగనీ అనుకున్నాను. నా పంతం పాడుగాను!

శుక్రవారం పొద్దున ఆయన దగ్గరికి వెళ్లలేదు. సాయంత్రం నేను డ్యూటీకి వచ్చేసరికి తెర వేసి ఉంది. ఆయన పని ముగించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అనుకున్నాను. రైలు ఆలస్యమై ఆ పిల్ల ఆరింటికి వచ్చింది. ఒకసారి నేల చూసుకోమని నేనంటే, "బాబాయ్ ఉండగా నేను చూడటమేంటండీ" అని నవ్వుతూ మేకప్ గదిలోకి వెళ్లింది.

నాట్యం మొదలైన ఐదు నిమిషాలకు ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. కచేరీ అనుకుని వస్తుంటే, నాట్యం ఈ రోజేనని దారిలో ఎవరో స్టూడెంట్ చెప్పాడట. "తలుపు తియ్యి చెల్లెమ్మా! పాలిష్... నేలకు పాలిష్ ఉంది!"

తీశాను. అప్పుడే ఆ పిల్ల గిర్రున తిరిగింది. కుడికాలు జారింది. మోకాలు విరిగిన చప్పుడు తలుపు దగ్గరున్న మాకు కూడా వినిపించింది. ఆయన ఏడుస్తూ పరుగెత్తాడు. అంత కంగారులోనూ చెప్పులు కింద విడిచే స్టేజీ ఎక్కాడు.

నడవగలదు కానీ ఇక ఆడలేదన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని, "నీ తప్పేం లేదు బాబాయ్, నేనే చూసుకోవాల్సింది" అందట. ఆ మాటే ఆయన్ని తినేసింది. తిట్టినా బాగుండేది అన్నాడు. నెలాఖరుకి ఉద్యోగం మానేశాడు.

తాళాలు అప్పగించిన రోజు నా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"ఆ రోజు నీమీద నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా" అన్నాడు. "రోజు మారిందని నీకూ ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు.

"లేదన్నయ్యా" అన్నాను.

"అదే అనుకున్నాలే. నీకు తెలిస్తే నాకు చెప్పకుండా ఉంటావా" అన్నాడు.