ఎర్ర ఇంటూ మార్కు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను నూజివీడుకు ఎగువన, ఊరి పేరెందుకులెండి, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. నా సర్వీసులో అదే చివరి మజిలీ. పైన డాక్టరుగారు, కింద ఊళ్ళలో తిరిగే ఏఎన్ఎం నర్సులు, మధ్యలో సూపర్‌వైజర్. అడకత్తెరలో పోకచెక్క ఉద్యోగం.

ఆ ఏడు మామిడికాయ కన్నా మామిడాకుకే ఎక్కువ పేరొచ్చింది. లేతాకుల కషాయం తాగితే షుగర్ మాయమవుతుందని, మాత్రలతో పనేలేదని ఒక వాట్సాప్ సందేశం ఊళ్ళన్నీ చుట్టబెట్టింది. తోటల్లో బతికేవాళ్ళకు మందు చెట్టునే ఉందంటే చేదా?

మా డాక్టరుగారు చురుకైన మనిషి. ఫోనులో పుట్టిన పుకారును ఫోనులోనే చంపాలన్నారు. పోస్టరు తయారైంది. కషాయం గ్లాసు, పక్కన మామిడాకులు, పైన ఎర్రటి ఇంటూ మార్కు. చదువు రానివాళ్ళకూ అర్థమవ్వాలి కాబట్టి మాటలు వద్దని, అడుగున మన కేంద్రం పేరుంటే చాలని ఆయన ఆదేశం. ఇంటూ మార్కు కాస్త నిటారుగా పడింది. ఎవరు చూడొచ్చారు! ఊరి గ్రూపుల్లోకి, చర్చి గ్రూపుల్లోకి పంపేశాం. జోడించిన చేతులు, "ఆమెన్"లు వరదలా వచ్చిపడ్డాయి. ప్రజా స్పందన అమోఘమని పైకి నివేదిక వెళ్ళింది.

కొన్నాళ్ళకు ఏఎన్ఎం ఫోను చేసింది. "సార్, రూతమ్మగారి కాలు ఒకసారి చూడండి. నాకు భయంగా ఉంది."

రూతమ్మగారు రిటైరైన అంగన్‌వాడీ టీచరు. షుగర్ మాత్ర ఒక్క పూట మరిచే మనిషి కాదు. ఊళ్ళో మా మాట తు.చ. తప్పకుండా వినేది ఆవిడే. వెళ్ళి చూద్దును కదా, కాలి బొటనవేలు నల్లబడిపోయింది. మాత్రలు మానేసిందని ఏఎన్ఎం చెప్పింది. ఎందుకు మానేశారమ్మా అని అడిగాను.

"అదేంటండీ, మీరే కదా మానమంది!" అంటూ ఫోను తీసి పోస్టరు చూపించింది. "వాళ్ళూ వీళ్ళూ పంపినప్పుడు నేను నమ్మలేదండీ. ఆసుపత్రోళ్ళే ఎర్ర గుర్తేసి, కింద పేరు కూడా పెట్టి పంపారు. ఇంకా అనుమానమేంటి? అంబులెన్సు మీద ఉండే గుర్తే కదండీ ఇది!"

అప్పుడు చూశాను ఆవిడ కళ్ళతో. నిటారుగా పడ్డ ఇంటూ అచ్చంగా ఆసుపత్రి ప్లస్ గుర్తే. అది వద్దని చెప్పే గుర్తమ్మా అనబోయి, సిగ్గేసి అంబులెన్సుకు ఫోను చేశాను.

వెంటనే విజయవాడ తీసుకెళ్ళాం. కాలు దక్కింది, వేలు పోయింది. ఆ తర్వాత జరిగిన సమీక్షా సమావేశంలో పై అధికారులు మా పోస్టరును మెచ్చుకుని, మిగతా కేంద్రాలు కూడా ఇలాంటివి చెయ్యాలన్నారు. డాక్టరుగారు జరిగింది చెబుదామని లేచారు. చప్పట్లు కొట్టేశాక ఇప్పుడెందుకండీ అని పక్కాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

ఇంకెంతమంది ఇలా మోసపోయారోనన్న దిగులుతో నేనూ ఏఎన్ఎమ్మూ ఇంటింటికీ తిరిగాం. కొందరు పోస్టరు తెరవకుండానే ఆమెన్ పెట్టారట. కొందరికి ఆసుపత్రివాళ్ళు ఏం చెప్పినా చెయ్యకూడదని ఎప్పటినుంచో నియమం. వాళ్ళందరి కాళ్ళూ భేషుగ్గా ఉన్నాయి.

జనం మా మాట వినరని సర్వీసంతా మొత్తుకున్నాను. వినేవాళ్ళూ ఉంటారని, మా పొరపాటుకు వేలు ఇచ్చుకోవాల్సింది వాళ్ళేనని ఆ ఊళ్ళో తెలిసింది.