ముప్ఫై దాటని మా ఆయన

మా ఇంట్లో ఆరు మోటారు సైకిళ్ళున్నాయి. ఆరూ కబ్ అనే చిన్న రకం బళ్ళే. ఆరింటి మీదా ఒక్క మనిషే ఎక్కాలి, ఆ ఒక్క మనిషీ మా ఆయనే.

ఆయన పేరు ఉకితా నొబుతాకా. మాది రేవు పక్కన బియ్యం కొట్టు. పది కిలోల సంచి వెనక వేసి తాడు బిగించి, నారింజ తోటల మధ్య ఏటవాలు దారుల్లో ఇంటింటికీ చేరవెయ్యడం ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన పని. కారు లైసెన్సు ఉంటే చాలు, యాభై సీసీ బండికి మాకు వేరే పరీక్ష అక్కర్లేదు. కాకపోతే దాని మీద ఇద్దరెక్కకూడదు, గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటకూడదు. ఈ రెండు నియమాలూ మా ఆయనకు శిరోధార్యం. వెనక లారీలు బారులు తీరినా, బడిపిల్లలు సైకిళ్ళ మీద దాటిపోతూ నవ్వినా, ముల్లు ముప్ఫై మీంచి కదలదు.

మొదటి బండి వాళ్ళ నాన్నది. మిగతా అయిదూ కోళ్ళ షెడ్లలోంచీ, మూతపడ్డ కొట్ల వెనక నుంచీ బతిమాలి తెచ్చుకున్నవి. ముందు దీపం ఆకారం చూసి అది ఏ ఏటి బండో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మా పెళ్ళి ఏ నెలలో అయిందో మాత్రం నన్నడుగుతాడు. నేను కూరముక్కలు ఊరవెయ్యడానికని దాచుకున్న తవుడు గుడ్డలో మూటకట్టి, శనివారం సాయంత్రాలు బళ్ళను నిగనిగలాడేలా రుద్దుతాడు. ఆదివారం పొద్దున్నే ఆయనా, ఆయన స్నేహితుడు సొనె గారూ, చెరో కబ్ ఎక్కి సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఉమెజాకి మొన దాకా పోయి వస్తారు. సొనె గారు పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలారు గానీ కబ్ వదల్లేదు. నేను గుమ్మంలో నిలబడి సాగనంపుతాను. నా ఆదివారం అంతే.

ఒకరోజు పొద్దున తింటుండగా అడిగేశాను.

"ఏమండీ, మొన మీద టీ కొట్టు బావుంటుందటగా. నన్నూ తీసుకెళ్ళొచ్చుగా."

"వ్యానులో వెళ్దాంలే."

"వ్యానులో బియ్యం వెళ్తాయి. నేను బండి మీద, మీ వెనక కూర్చుని వెళ్ళాలి."

"చట్టం ఒప్పుకోదు చిజురూ."

"తొంభై సీసీ బండికైతే ఒప్పుకుంటుందట. సొనె గారే చెప్పారు."

ఆయన మిసో చారు గిన్నె కింద పెట్టాడు. "దానికి వేరే లైసెన్సు కావాలి."

"అయితే తెచ్చుకోండి. ఏడో బండికి నేను అడ్డు చెప్పను."

నవ్వుతూనే అన్నాను గానీ అది సరదాకి అన్న మాట కాదు. ఈ మనిషికి నాకంటే ఆ బళ్ళంటేనే ఇష్టమేమో అన్న అనుమానం ఏళ్ళ తరబడి నన్ను తొలుస్తూనే ఉంది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో నా కోసం వెళ్ళి పరీక్ష రాస్తాడా, లేదా? నాకు తెలియాల్సింది అదే.

వారం తిరక్కుండా డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. నేర్పే అమ్మాయి పేరు నగొషి. మా కొట్లోనే బియ్యం కొంటుంది. "గేర్లు లేని స్కూటర్ మీద పరీక్ష ఇస్తే తేలిగ్గా అయిపోతుందండీ, కబ్‌కి క్లచ్ లేదు గనక అది నడపడానికి ఆ లైసెన్సు చాలు" అని మంచి మాటే చెప్పిందట. మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "అది బండి కాదమ్మా, చక్రాలున్న కుర్చీ" అని, గేర్ల బండే తీసుకున్నాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. కబ్ మీద గేరు పెంచాలంటే ఎడమ కాలితో కిందికి నొక్కాలి. మిగతా మోటారు సైకిళ్ళ మీద బొటనవేలితో పైకి ఎత్తాలి. కిందికి నొక్కితే గేరు పెరక్కపోగా తగ్గుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు నొక్కిన కాలు ఒక్క నెలలో మాట వింటుందా? పరీక్ష రోజున నేనూ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాను. మూరెడు వెడల్పు కూడా లేని పలక మీద బండి నడపాలి. కుర్రాళ్ళంతా దాని మీంచి జారిపడుతుంటే మా ఆయన బియ్యం మూట మోస్తున్నట్టు నింపాదిగా దాటేశాడు. పొంగిపోయాను. ఆ తర్వాత తిన్నటి దారి వచ్చింది. గేరు పెంచబోయి నొక్కాడు. బండి ఘొల్లుమని ఏడ్చి, గుర్రంలా కుదిపి, ఆగిపోయింది.

"ఎత్తాలండీ ఉకితా గారూ, పైకి ఎత్తాలి" అంది నగొషి.

"ఎత్తాననే అనుకున్నానమ్మా."

ఆ తర్వాత రెండు వారాలు కొట్లో స్టూలు మీద కూర్చుని, ఎడమ బొటనవేలు ఎత్తి దించుతూనే ఉన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు కాలు నొప్పా అని అడిగి, మందుల పేర్లు చెప్పి పోయేవారు. రెండోసారి గేర్లన్నీ సరిగ్గానే వేశాడు. అయితే ఆ తిన్నటి దారిలో నలభై అందుకోవాలట. ముప్ఫై రాగానే మా ఆయన చెయ్యి దానంతటదే వేగం తగ్గించేసింది. మళ్ళీ తప్పాడు.

సొనె గారు ఊరుకుంటారా? "నెమ్మదిగా వెళ్ళినందుకు పరీక్ష పోగొట్టుకున్నోణ్ణి నిన్నే చూస్తున్నానోయ్. పోలీసులు నీకు దండ వెయ్యాలి."

మా ఆయన ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు. నాకు జాలేసింది. "పోనీలెండి, మానేద్దాం" అన్నాను. "ఇంకోసారి" అన్నాడు. అంతే.

మూడోసారి బయల్దేరేటప్పుడు చెప్పాను. "ఆ తిన్నటి దారిలో నేను వెనక కూర్చున్నాననుకోండి. కొట్టు తెరిచే వేళ దాటిపోయిందని మీ నెత్తిన అరుస్తున్నాననుకోండి." నలభై మూడు కొట్టాడు. లైసెన్సు చేతికొచ్చింది.

ఏడో బండి ఒక జాలరి షెడ్లో దొరికింది. లేత నీలం రంగు, తొంభై సీసీ, వెనక నాకు సీటు. నేను హెల్మెట్ కొనుక్కుని, ఆదివారం పొద్దున అది పెట్టుకునే గుమ్మంలో నిలబడ్డాను. సొనె గారు వచ్చి, నన్ను చూసి, బండి దిగారు.

"వదినగారూ, మా వాడు మీకు చెప్పలేదా? లైసెన్సు వచ్చి ఏడాది నిండితేగానీ వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు."

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఆ అమ్మాయి క్లాసులో చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది" అన్నాడు నేల చూస్తూ. "నేనప్పుడు బొటనవేలి సంగతి ఆలోచిస్తున్నాను."

రెండు రోజులు మాట్లాడలేదు నేను. మూడో వారానికి ఒక సంగతి గమనించాను. ఆదివారాలు ఆయన పాత యాభై మీదే వెళ్తున్నాడు. నీలం బండిని వారానికోసారి షెడ్లోనే స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి, ఆపి, గుడ్డ కప్పేస్తున్నాడు.

"దాని మీద వెళ్ళొచ్చుగా? తొంభై సీసీకి ఆ ముప్ఫై హద్దు లేదుగా, దాటినా అడిగేవాడు లేడు" అన్నాను.

"అది ఇద్దరెక్కే బండి" అన్నాడు గుడ్డ సర్దుతూ.

నేను లోపలికి పోయి, బియ్యం కొలుస్తూ ఏడ్చాను. ఇన్నేళ్ళ అనుమానం ఇంత చిన్న మాటతో పోయినందుకు నా మీద నాకే సిగ్గేసింది. మిగిలిన పదకొండు నెలలూ ఆయన ఒక్కసారి కూడా దాని మీద వీధిలోకి వెళ్ళలేదు. సొనె గారు ఎంత వెక్కిరించినా సరే.

ఏడాది నిండిన ఆదివారం బయల్దేరాం. మొదటి మలుపులో భయమేసి ఆయన నడుము గట్టిగా పట్టుకున్నాను. రెండో మలుపులో భయం పోయింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. వెనక కార్లు వరస కడుతున్నాయి. "కాస్త వేగంగా పోవచ్చు గదండీ" అన్నాను. "పోవచ్చు" అన్నాడు. పోలేదు. మొన మీద టీ కొట్టుకు ఆరోజు సెలవట. నాణేలు వేసే మెషీన్లో డబ్బా టీ కొనుక్కుని, గోడ మీద కూర్చుని తాగి, సముద్రం చూసి వెనక్కి తిరిగాం.

రేవు దగ్గరికొచ్చేశాం. కొట్టు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. ఎడమ పక్క మా వీధి. ఆయన సిగ్నల్ వేశాడు.

"తిప్పకండి" అన్నాను. "తిన్నగా పోనివ్వండి."

"కొట్టు?"

"ఉంటుంది."

ఎందుకని అడగలేదు. సిగ్నల్ ఆపేసి, గేరు నొక్కాడు.