ఖర్కాయిలో ఆంధ్రా చేప

మా ఇంట్లో పొద్దున్నే రెండు పిండ్లు కలిపేదాన్ని. ముందు చేపలకి, తరవాత మాకు.

అయిదవకుండా లేచి, గోధుమపిండిలో నూనె తీసేసిన ఆవాల చెక్క పొడి కలిపి, తరవాణి కుండలోంచి రెండు గరిటెలు పులిసిన నీళ్ళు పోసి గట్టిగా ముద్ద చేసేదాన్ని. తడిగుడ్డలో చుట్టి గట్టు మీద పెడితే అది మా ఆయన గాలానికి. చెయ్యి కడుక్కుని మళ్ళీ పిండి కలిపితే అది మా రొట్టెలకి. ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి రెండు ముద్దల్నీ చూసేవారు.

"ఏటే కస్తూరీ, మనకన్నా ఆటికే బాగా ఎడతన్నావు."

"అవి పట్టెడు తిని ఊరుకుంటాయి. మీకు అయిదు రొట్టెలు కావాలి," అనేదాన్ని.

ఇప్పుడు ఒక్క ముద్దే కలుపుతున్నాను. అదీ గుప్పెడు పిండి. అయిదింటికి మెలకువ మాత్రం వచ్చేస్తుంది.

మా ఆయన పేరు ధర్మరాజు. ఇచ్ఛాపురం అవతల ఊరు. రైల్వేలో గూడ్సు గార్డుగా టాటానగర్ వచ్చి ముప్ఫై ఆరేళ్ళు చేసేరు. గూడ్సు గార్డంటే బండికి అందరికన్నా వెనక, చిట్టచివరి డబ్బాలో ఒక్కడే కూచోవాలి. మాటాడ్డానికి మనిషుండడు. సిగ్నలు పడకపోతే ఏ అడవిలోనో నాలుగు గంటలు ఆగిపోతుంది. అలా కూచునీ కూచునీ ఆయనకి ఓపిక ఎముకల్లోకి దిగిపోయింది. రిటైరయ్యేక పర్సుడీహ్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఊరికే ఇంట్లో కూచోమంటే ఆయన వల్ల కాలేదు. బయట కూచోమంటే ఎంతసేపయినా సరే. అందుకని గాలం కొనుక్కున్నారు.

బాగ్‌బేడా వైపు ఖర్కాయి ఏటి ఒడ్డున మాకో చోటుంది. రెండు బండలు, ఒక తుమ్మచెట్టు. పాత స్కూటరు మీద ఆయన, వెనక నేను, నా ఒళ్ళో పిండి ముద్ద, టీ ఫ్లాస్కు. బయల్దేరే ముందు చేతి గడియారం చూసుకుని "రైట్ టైం!" అని గట్టిగా అనేవారు. అప్పుడే స్కూటరు కదిలేది. నేను చెప్పులు వెతుక్కుంటూ రెండు నిమిషాలు లేటు చేస్తే "రెండు నిమిషాలు లేట్. కారణం, చెప్పులు," అనేవారు. ఉద్యోగంలో ప్రతి నిమిషమూ పుస్తకంలో రాసిన మనిషి. డ్రైవరు బతిమాలుకున్నా ఒక్క నిమిషం తప్పు రాయలేదని ఆయనకి పేరు.

నేనెప్పుడూ గాలం వెయ్యలేదు. పక్క బండ మీద కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేదాన్ని, లేకపోతే నీళ్ళకేసి చూసేదాన్ని. పడితే చిన్న చిన్న జెల్లలు, పరిగెలు పడేవి. చాలా రోజులు ఏమీ పడేవి కావు. బెండు ములిగితే ఆయనకన్నా ముందు నేను చూసేదాన్ని. "అదిగో అదిగో" అని అరిస్తే, "నువ్వు అరవబట్టే పోయిందే," అనేవారు. ఎండెక్కేక టీ తాగి ఇంటికొచ్చేసేవాళ్ళం. మా పెళ్ళయ్యి నలభయ్యేళ్ళయినా, ఇద్దరం ఒకే చోట మూడేసి గంటలు కూచోడం అప్పుడే మొదలు.

మధ్యాహ్నం నా పని చిక్కు తియ్యడం. ఆయనకి రెండు గాలాలు. ఒకటి వెదురుది, ఒకటి రీలుది. ఆ రీలు దారం విసరడం ఆయనకి చివరిదాకా చాతకాలేదు. రోజూ పిచ్చిక గూడులా తయారయ్యేది. వరండాలో కూచుని గోనెసంచుల సూదితో ఒక్కో ముడీ విప్పేదాన్ని. ఎదురుగా కుర్చీలో కూచుని ఆయన కబుర్లు చెప్పేవారు. ఏ స్టేషన్లో ఏనుగు పట్టాల మీద నిలబడింది, ఏ స్టేషను మాస్టరు నిద్రపోయేడు, అన్నీ. చెప్పినవే చెప్పేవారు. నేనూ కొత్తగానే వినేదాన్ని.

ఆదివారం మాత్రం నేను వెళ్ళేదాన్ని కాదు. మా అబ్బాయి జయప్రకాష్ గమ్హరియాలో ఫ్యాక్టరీలో చేస్తాడు. ఆదివారం కోడల్నీ, మనవరాలు బిందుప్రియనీ తీసుకుని భోజనానికి వచ్చేవాడు. నాకు వంట ఉండేది. ఆ రోజు మా ఆయనకి తోడు అప్పలసూరి. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యేడు, మా ఆయన్ని అన్నియ్యా అంటాడు.

నేను లేని ఆ ఆదివారాలే మా ఆయనకి పెద్ద చేపలు పడేవి.

మొదటిసారి పడిన రోజు బాగా గుర్తు. నడివేసవి. గుమ్మంలోంచే కేక. "కస్తూరీ! కత్తిపీట తియ్యి!" రెండు కేజీల శీలావతి. మూతికి గాలం గుచ్చి వేలాడదీసుకుని వచ్చేరు. వెనక సూరి నేల చూపులు చూస్తున్నాడు. నాలుగేళ్ళ బిందు చప్పట్లు కొట్టి గెంతులేసింది. నేను చేప చేతిలోకి తీసుకున్నాను. మంచుగడ్డ.

"ఏటండీ, ఇంత సల్లగుంది?"

"ఏట్లో నీళ్ళు సల్లగుంటాయి కదేటి?"

బయట కుక్కలు కూడా నీడలోంచి లేవని ఎండ. కత్తిపీట ముందేసుకుని కూచున్నాను. కడుపు కోస్తే లోపల ఇంకా కరగని ఐసు ముక్కలు. మా పర్సుడీహ్ బజార్లో తెల్ల పెట్టెల్లో ఐసు వేసి ఈ శీలావతినే అమ్ముతారు, "ఆంధ్రా కా రోహూ" అని కేకేస్తూ. కొల్లేటి వైపు నుంచి లారీల్లో వస్తుంది. మనలాగే అక్కణ్ణించి బతకడానికొచ్చిన చేప. అన్నిటికన్నా నవ్వొచ్చింది ఆ గాలం చూసి. చేప మింగితే గాలం లోపలి నుంచి బయటికి గుచ్చుకుంటుంది. ఈయన బయట నుంచి లోపలికి గుచ్చేరు.

బిందు తాతయ్య మెడ పట్టుకుని వేలాడుతోంది. ఆయన ముఖం చూస్తే ప్రమోషనొచ్చినట్టుంది. జన్మలో ఒక్క నిమిషం అబద్ధం రాయని మనిషి, ఆడక ఆడక ఆడింది ఈ ఒక్కటి. పోనీలే, ఒక్కటి ఉండనీ అనుకున్నాను. అల్లం వెల్లుల్లి దంచి పులుసు పెట్టేసేను. ఆ తరవాత అయిదేళ్ళు, ఆదివారం ఆదివారం ఖర్కాయిలో ఆంధ్రా చేప పడుతూనే ఉంది.

దీపావళి వెళ్ళిన రెండో వారం. వరండాలో చిక్కు తీస్తున్నాను. ఆ రోజు మరీ పెద్ద చిక్కు. ఆయన కుర్చీలో ఉన్నారు.

"టీ పెడతావేటే?"

"ఈ ముడి అవ్వనివ్వండి."

ఆ ముడి విప్పితే దాని వెనక ఇంకోటి. రెండు విప్పేను. మూడోదాన్లో సూది దూర్చేక, పాపం అడిగేరు కదా అని లేచేను. టీ తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. నిద్రనుకుని గ్లాసు మీద మూత పెట్టేను.

ఆయన పోయి మూడు నెలలు దాటింది. రీలు గాలం ఎలా ఉన్నది అలాగే వరండా మేకుకి తగిలించి ఉంది. వెదురుది మూల నిలబడి ఉంది. ఆదివారాలు అబ్బాయి వాళ్ళు వస్తూనే ఉన్నారు. నేను వంకాయో, పప్పో వండుతున్నాను. మాఘమాసంలో ఒక ఆదివారం చెయ్యి కడుక్కుంటూ జయప్రకాష్ అన్నాడు.

"అమ్మా, ఈ గాలాలు ఊరికే పాడయిపోతన్నాయి. సూరి బాబాయికిచ్చేద్దాం. వచ్చే ఆదివారం రమ్మన్నాను, అట్టుకుపోతాడు."

వాడన్నదాన్లో తప్పులేదు. వద్దనడానికి నా దగ్గర కారణమూ లేదు. వాటిని చేత్తో పట్టుకుని విసిరినదాన్ని కాదు. కానీ అవి గుమ్మం దాటితే ఆ బండలూ, తుమ్మచెట్టూ, ఆ పొద్దులూ వాటితోపాటే వెళ్ళిపోతాయి. ఇంక నేను ఖర్కాయి ఒడ్డుకి వెళ్ళే పని ఉండదు. ఆ వారమంతా అదే బెంగ. ఊడుస్తూ ఆ మూలకి వెళ్ళినప్పుడల్లా వెదురు గాలాన్ని అటూ ఇటూ జరిపి చూసుకునేదాన్ని.

శనివారం సాయంత్రం తరవాణి కుండ మూత తీసేను. వాసన బాగానే ఉంది.

ఆదివారం పొద్దున్న అయిదింటికి రెండు పిండ్లు కలిపేను. సూరి స్కూటరు ఆపి లోపలికొచ్చేసరికి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చెప్పులేసుకుని తయారుగా ఉన్నాను.

"వదినా, గాలాలు..."

"వెదురుది నేను పట్టుకుంటాను. నువ్వు బండి తియ్యి."

"ఎక్కడికి?"

"నిన్ను సంతకి తీసుకెళ్ళమంతన్నానేటి? ఖర్కాయికి."

వాడు బుర్ర గోక్కున్నాడు. "ఎవులైనా సూత్తే ఏటనుకుంతారు వదినా? పెద్దదానివి, గాలం ఎట్టుకుని..."

"చేపలు పడతందనుకుంతారు. పద."

స్కూటరు స్టార్టు చేసి కూడా వాడు కదల్లేదు. నా ముఖం చూస్తున్నాడు. ఎందుకో తెలిసింది. నా చేతికి గడియారం లేదు. అయినా "రైట్ టైం," అన్నాను. వాడు అటు తిరిగి ముక్కు తుడుచుకుని బండి పోనిచ్చేడు.

నా బండ మీద కాకుండా ఆయన బండ మీద కూచున్నాను. పక్క బండ మీద సూరి. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. పిండి నలిపి గాలానికి పెట్టి వేసేను. దారం నా చెంగుకే తగులుకుంది. రెండోసారి తుమ్మకొమ్మకి. మూడోసారి నీళ్ళలో పడింది.

"పదకొండేళ్ళయి అడుగుతన్నాను. ఆ పిండిలో ఏటి కలుపుతావు వదినా?"

"నీకు చెప్తే నీ దగ్గరికే పోతాయి చేపలు."

"అన్నియ్య కూడా ఇదే మాట."

రెండు గంటలు కూచుంటే వేలెడేసి పరిగెలు రెండు పడ్డాయి. బెండు ములిగినప్పుడు నోరు మూసుకునే ఉన్నాను. ఆయన చెప్పింది నిజమే, అరవకపోతే పడతాయి. రెండూ మళ్ళీ నీళ్ళలో వదిలేసేను. పిల్లకి అవి చూపిస్తే ఏం బాగుంటుంది?

వెనక్కొస్తుంటే పర్సుడీహ్ బజారు మలుపులో స్కూటరు దానంతటదే నెమ్మదించినట్టయింది. సూరి ఉలిక్కిపడి మళ్ళీ స్పీడు పెంచబోయేడు.

"ఆగు సూరీ."

"ఇక్కడేటుంది వదినా? ఊరికే... అన్నియ్య ఇక్కడ పాన్ కొనుక్కునేవోడు."

మా ఆయన జన్మలో పాన్ తినలేదు. నేను దిగి నడిచేను. చేపలవాడు సూరిని గుర్తుపట్టేడు. "అరే, గార్డ్ సాబ్ బహుత్ దిన్ సే నహీ ఆయే?" అని ఇన్నాళ్ళయి ఆయన రాలేదేమని చెయ్యూపి అడిగి, పెట్టె మూత తీస్తూ, "వహీ సైజ్?" అన్నాడు. సూరి వాడికి కళ్ళతో సైగలు చేసి చేసి అలిసిపోయేడు.

"వహీ సైజ్," అన్నాను, ఎప్పుడూ వచ్చే సైజే.

వాడు రోహూ తీసి, పాత తువ్వాలుతో తల నుంచి తోకదాకా ఐసంతా శ్రద్ధగా తుడిచేడు. గార్డ్ సాబ్ ఎప్పుడూ ఇలాగే తుడిచి ఇమ్మనేవారట. ఆయన రాకపోవడానికి కారణం సూరి నెమ్మదిగా చెప్పేడు. చేపలవాడు చేపని మరోసారి తుడిచి నా చేతికిచ్చేడు.

సూరి ముఖం చిన్నబోయింది. "వదినా, నీకు తెలుసా?"

"మొదటి చేప కడుపు కోసినప్పటి నుంచి."

"ఓలమ్మో! అన్నియ్య నా సేత ఒట్టేయించుకున్నాడు. మీ వదినకి తెలిత్తే నా తల ఎక్కడెట్టుకోన్రా అని. మరి ఎందుకడగలేదు నువ్వు?"

"తల ఎక్కడెట్టుకుంటారు పాపం?"

వాడు పకపకా నవ్వేడు. నాకూ వచ్చింది నవ్వు. బజారు మధ్యలో చేప పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. మూడు నెలల తరవాత అదే నవ్వడం. కళ్ళనీళ్ళు కూడా దాంతోటే వచ్చేయి.

వీధి మొదట్లో బండి ఆపించి చేపకి గాలం గుచ్చేను. లోపలి నుంచి బయటికి. ఏదో ఒక్కటైనా సరిగ్గా ఉండాలి కదా.

అబ్బాయి వాళ్ళు అప్పటికే వచ్చి గుమ్మంలో ఉన్నారు. ఇల్లు తాళం చూసి జయప్రకాష్ కంగారు పడిపోతున్నాడు. బిందు పరిగెత్తుకొచ్చింది. తొమ్మిదేళ్ళదయింది ఇప్పుడు. చేప మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది.

"నానమ్మా, యే తో బిల్కుల్ ఠండీ హై!"

"ఏట్లో నీళ్ళు సల్లగుంటాయి కదేటి?"

పిల్ల నా ముఖంలోకి కాసేపు చూసింది. "తాతయ్య భీ యహీ బోల్తే థే... ఇదే మాట," అని చేపని నా చేతిలోంచి లాక్కుని వాళ్ళమ్మకి చూపించడానికి పరిగెత్తింది.

జయప్రకాష్ చేపని చూసేడు, నా తడిసిన చీర అంచు చూసేడు, నా చేతిలో వెదురు గాలం చూసేడు.

"ఎక్కడ పట్టేవమ్మా?"

"ఖర్కాయిలో."

వాడు సూరి వైపు తిరిగేడు. సూరి నేల చూపులు. జయప్రకాష్ నా చేతిలో గాలం తీసుకుని, ఎప్పటి మూలలోనే దాన్ని నిలబెట్టేడు.

భోజనాలయ్యేక వరండాలో కూచున్నాం. ఎండ మేకు మీదికి వచ్చింది. రీలు గాలం, దాని చిక్కు, చిక్కులో సూది.

"వచ్చే ఆదివారానికి ఇది కూడా బాగుచేసుకోకూడదేటమ్మా? నీకైతే పావుగంట పని," అన్నాడు జయప్రకాష్.

పావుగంట కూడా పట్టదు. ఏ కొస ఏ ముడిలోంచి వచ్చిందో ఇక్కణ్ణించే కనిపిస్తోంది. కిందకి దింపి ఒళ్ళో పెట్టుకున్నాను. మూడో ముడి దగ్గర సూది ఆ రోజు దూర్చినట్టే ఉంది.

"వదినా, టీ ఏమైనా..." అన్నాడు సూరి కుర్చీలోంచి.

సూదిని కదపకుండా గాలాన్ని మళ్ళీ మేకుకే తగిలించి, టీకి నీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళేను.