మల్కాజ్‌గిరి మీద తెల్ల మచ్చ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలైలో, నన్ను బేగంపేటలోని మా వాతావరణ సంస్థ పటాల విభాగంలో వేశారు. హోదా సీనియర్ అసిస్టెంట్. చదువు పదో తరగతి. పటాలు గీయించే కంప్యూటర్ స్క్రిప్టు రాయడం మాన్యువల్ ముందేసుకుని నేనే నేర్చుకున్నాను.

వాన పటానికి రంగుల పట్టిక ఉంటుంది. ఒక వరుసలో ఇన్ని మిల్లీమీటర్లని వాన హద్దులు, మరో వరుసలో వాటికి వేసే రంగులు. హద్దులకంటే రంగులు ఒకటి ఎక్కువుండాలి. ఆఖరి హద్దు దాటిన వానకూ రంగు కావాలి కదా! అది లేకపోతే మా సాఫ్ట్‌వేర్ తప్పని చెప్పదు, ఆ చోటు తెల్లగా వదిలేస్తుంది. వాన లేకపోయినా తెలుపే, డేటా రాకపోయినా తెలుపే.

ఆ వానాకాలంలోనే, కుండపోత కురిసిన ఒక ఉదయం మా అధికారి ప్రసాదరావు గారు పట్టికలో పైన ఇంకో హద్దు చేర్చారు. రంగు చేర్చలేదు. మధ్యాహ్నం పటంలో మల్కాజ్‌గిరి చుట్టూ ముదురు ఎరుపు, నడుమ తెల్ల మచ్చ. అంత వాన నడుమ పొడి నేల ఎక్కడిది? పట్టికలో ఒక రంగు తక్కువైందని ఆయనకు వెళ్లి చెప్పాను.

"రాడార్ డేటా రాలేదు, అంతే. పదో తరగతి పాఠాలు మాకెందుకు లెండి, దావీదు గారూ," అన్నారు. పక్క బల్లల వాళ్లు నవ్వారు.

పటం కింద 'సరిచూసినది' అన్నచోట సంతకం నాది. కోపంతోనే పెట్టాను. పోతే ఆయన పరువే పోతుందిలే అనుకున్నాను.

కాసేపటికి వరద సహాయ కంట్రోల్ రూమ్ నుంచి యాదగిరి ఫోన్.

"సార్, మల్కాజ్‌గిరి కాడ తెల్లగ కనవడుతున్నది. ఆడ వాన లేనట్టేనా ఏందీ? అల్వాల్‌ల గూడ నీళ్లొచ్చినయ్. ఉన్నది ఒక్కటే బోటు, అల్వాల్‌కు తోలాల్నా?"

జవాబు చెప్పే అధికారం నాకు లేదు. ఫోన్ ప్రసాదరావు గారికిచ్చాను. "పటంలో ఉన్నట్టే చేయండి," అన్నారాయన. పక్కనే నిలబడి విన్నాను.

బోటు అల్వాల్ వెళ్లింది. మల్కాజ్‌గిరిలో ఒక పల్లపు కాలనీలో, మంచం దిగలేని వాచ్‌మన్ భార్య గదిలోనే నీళ్లలో మునిగి చనిపోయింది.

విచారణలో 'డేటా లోపం' అని రాసి ముగించారు. పట్టిక ప్రింటు తీసి నేనిచ్చిన కాగితం ఫైలుకెక్కనే లేదు. అది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వారం తర్వాత యాదగిరి మళ్లీ ఫోన్ చేశాడు. "సార్, గా తెలుపు తప్పని గా దినమే మీకు ఎరుకేనా?"

"ఎరుకే," అన్నాను. పెట్టేశాడు.

పటం చూసేవాడికి పట్టిక కనబడదు, రంగే కనబడుతుంది. తప్పు తెలిసినవాడు పై అధికారికి చెప్పి ఊరుకుంటే పని సగమే అయినట్టు. అడిగినవాడికి చెప్పాలి. నేను చెప్పలేదు.